ఏడో లంకలో ఇంటికి నోరు పెట్టిన వైనం

నమోదు 212. వెలుగు పక్క.

ఈ చిట్టా ఆఫీసు పనికి మాత్రమే వాడాలనీ, ఇంటి గోల ఇందులో రాయకూడదనీ పంచాయతీ వారి ఆదేశం. ఇన్నాళ్లూ బుద్ధిగా పాటించాను. ఈ రోజు ఆఫీసు పనీ ఇంటి గోలా కలిసి ఒకే గోడలోంచి లోపలికి వచ్చాయి. నేనేం చేసేది లేదు.

మా ఆవిడ వీరవేణి ఇల్లు వదిలి, నాలుగో లంకలో ఉన్న వాళ్ల అక్క మంగతాయారు దగ్గరకు వెళ్లిపోయింది.

కారణం మా గవర్రాజు బాబాయి. పొద్దున్న వీరవేణి తలంటు పోసుకుంటుంటే నీళ్లగది గోడలోంచి ఆయన వచ్చాడు. పొరపాటున వచ్చినవాడు వెనక్కి పోవాలి కదా. మొహం అటు తిప్పుకుని, "అమ్మాయ్, ఆవకాయ జాడీ ఎక్కడ పెట్టావే?" అని అడిగాడు. అందులో తన తప్పేమీ లేదంటాడు. వాళ్లింట్లోంచి మా వంటింటికి అదే దగ్గర దారట.

నిజానికి ఆయన్ని అనడానికీ లేదు. ఏడో లంకలో గోడలన్నీ మెత్తటి పొరలే. చెయ్యి ఆనిస్తే పొర ఆ మనిషి ఎవరో చూసుకుంటుంది. చుట్టమైతే విచ్చుకుంటుంది, వెళ్లాక మూసుకుంటుంది. చుట్టం కానివాడికి విచ్చుకోదు. మా కష్టమల్లా ఈ లంకలో చుట్టం కానివాడు లేకపోవడమే. పాత భూమి మీద కోనసీమలో నాలుగూళ్ల నుంచి బయల్దేరిన జనం. శుక్రుడి మబ్బుల మీద తేలుతూ ఇన్ని తరాలుగా వాళ్లలో వాళ్లే పిల్లనిచ్చుకున్నారు, పుచ్చుకున్నారు. ఇప్పుడు ఎవరు ఎవరికి ఏమవుతారో గోడలకు తప్ప ఎవరికీ గుర్తు లేదు.

వీరవేణి తడిజుట్టుకు తువ్వాలు చుట్టుకునే బయల్దేరింది.

"పెళ్లయిన కాణ్ణుంచీ చూత్తన్నాను. పడుకుంటే మీ మేనత్త, లేత్తే మీ బాబాయి. ఏడుద్దామని గోడవైపు తిరిగితే ఆ గోడలోంచే మీ పెదనాన్న. ఈ ఇంట్లోకి అడిగి రావాల్సిన చోటంటూ ఒక్కటి లేదు. మా అమ్మమ్మ చెప్పేది, పూర్వం ఇళ్లకి వాకిలని ఒకటుండేదంట. బయటోళ్లు దాన్ని దాటి ఊరికినే వచ్చేసేవోరు కాదంట. అది కట్టించండి, వత్తాను. లేదంటే నాలుగో లంకతో పాటే పోతాను."

"వాకిలంటే ఏమిటి?" అన్నాను.

"మాటల గుమస్తా మీరా, నేనా?" అని వెళ్లిపోయింది.

ఇది మామూలు అలక కాదు. నాలుగో లంక దక్షిణపు గాలిలోకి మళ్లుతోంది. లంకలు చీకటి వైపు చుట్టి మళ్లీ ఎండలోకి వచ్చే వెలుగు పక్క చివర రెండు లంకల మధ్య తాడువంతెన తీసేస్తారు. మళ్లీ ఎప్పుడు కలుస్తాయో గాలి లెక్కలు కట్టేవాళ్లే చెప్పలేరు. పోయినసారి వంతెన తీసినప్పుడు అటు ఉండిపోయిన పెళ్లికొడుకొకడు, తిరిగొచ్చేసరికి తాతయ్యాడు.

నమోదు 213. వెలుగు పక్క. ఆఫీసు.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. పిల్లలకు పాత పాటల్లో అర్థం కాని మాట తగిలితే నా దగ్గరకు తెస్తారు. అదేమిటో వెతికి నేను రాసిపెట్టాలి. ‘బురద’ మీద మూడు పేజీలు రాశాను. గేదె బొమ్మ గీశాను. కొమ్ములు ఎటు వంగాలో తెలియక ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ పెట్టాను. ఎవరూ తప్పు పట్టలేదు. పట్టగలిగినవాళ్లు లేరు. ఈ ఉద్యోగంలో సుఖమంతా అక్కడే ఉంది.

మొదటి ఓడలో వచ్చిన నిఘంటువుల్లో బొమ్మలన్నీ పాడైపోయాయి. మాటలు మాత్రం మిగిలాయి.

వాకిలి కోసం వెతకబోతే ఒక గుంపే బయటపడింది. వాకిలి, తలుపు, గుమ్మం, గడప, ద్వారం, కవాటం, దర్వాజా. గోడకున్న ఒక్క కంతకు ఇన్ని పేర్లు పెట్టుకున్నారంటే మా పూర్వీకులకు అదంటే ఎంత మోజో! ద్వారం సంస్కృతం నుంచి వచ్చిందట. దాని చుట్టాలు ఎక్కడెక్కడి భాషల్లోనో ఉన్నారు, చుట్టాల విషయంలో అది మా లంకవాళ్లకేం తీసిపోదు. దర్వాజా పారసీకం నుంచి వచ్చి స్థిరపడింది. గడప పేరు మీద ఒక పట్నమే వెలిసిందని రాశారు. తలుపు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పబోయి పండితులు తలో దారి పట్టారు.

వాకిలి దగ్గర మాత్రం ఎవరికీ పేచీ లేదు. ‘వాయి’ అంటే నోరు. దానికి ఇల్లు కలిసింది. వాకిలి అంటే ఇంటి నోరు.

నోరు! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఆ తర్వాత తవ్వేకొద్దీ అన్నీ అతికినట్టు సరిపోయాయి. పూర్వం ఇంటి ఆడవాళ్లు పొద్దున్న లేస్తూనే వాకిలి ఊడ్చి నీళ్లు చల్లేవారట. పొద్దున్నే నోరు కడగడం కాకపోతే అదేమిటి? వెంటనే అక్కడ తెల్లటి పిండితో ముగ్గు వేసేవారట. పళ్లపొడి, సందేహం లేదు. కింద గడపకు పసుపు రాసి, దాని మీద ఎవరైనా కాలు పెడితే కసిరేవారట. పెదవి మీద కాలు పెడితే ఎవరు ఊరుకుంటారు? పైన మామిడాకుల తోరణం కట్టేవారట. అది మీసం. కొత్తకోడలు వచ్చిన రోజున బియ్యం పోసిన చెంబు అక్కడ పెడితే, ఆ పిల్ల కాలితో లోపలికి తన్నేదట. ఇంటికి మొదటి ముద్ద తినిపించడమన్నమాట.

నా సర్వీసులో ఏ మాటకూ ఇన్ని సాక్ష్యాలు దొరకలేదు. బురదకు కూడా.

తలుపుకు రెక్కలుంటాయని ఒకచోట ఉంది. నోటికి రెక్కలేమిటో బోధపడలేదు. రాసినవాడు పరధ్యానంలో ఉన్నాడనుకుని వదిలేశాను.

నమోదు 214. చీకటి పక్క. పంచాయతీ.

మా ఇంటి గోడలు మూసి ఒక్క నోరే ఉంచాలన్న నా అర్జీ సర్పంచి తాతబ్బాయి గారు విని చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"ఏమయ్యా భీమశంకరం, చుట్టానికి గోడ అడ్డం కాకూడదన్నది ఈ లంకలో మొదటి చట్టం. అదెందుకొచ్చిందో తెలుసు కదా?"

తెలుసు. అందరికీ తెలుసు. మొదటి తరంలో, లంకంతటికీ గాలి గొడుగు రాకముందు, ఒకింట్లో గాలి పోతే, పక్కింటి గోడ తెరుచుకోక ఆ కుటుంబమంతా గోడను బాదుతూనే పోయారు. ఆ మాట వచ్చినప్పుడు పంచాయతీలో ఎవరూ దగ్గను కూడా దగ్గరు.

అప్పుడు పొరల మేస్త్రి బేబమ్మ గారు లేచారు. ఈ లంకలో ప్రతి గోడా ఆవిడ చేతి పనే. "దానికేవుందండీ. గాలి పోయి సైరన్ మోగితే గోడలన్నీ ఎప్పట్లాగే తీసుకునేలా పెడతాను. మామూలప్పుడు మాత్రం ఆ ఒక్కింటి గోడలూ మొండికేత్తాయి."

మా గవర్రాజు బాబాయికి ఇది నచ్చలేదు.

"అంటే మా అన్నయ్య కొడుకింటికి నేను నోట్లోంచి ఎల్లాలా?"

"అవును బాబాయ్."

"మింగేత్తేనో?"

"మింగితే లోపలికే కదా వెళ్లేది. నీకు కావలసిందీ అదేగా."

అందరూ నవ్వారు. తాతబ్బాయి గారు మాత్రం వేలెత్తి చెప్పారు. "ఒక్కిల్లు, ఒక్కసారి. ఎవరికైనా ఇబ్బందయిందనుకో, పీకించేత్తాను. మళ్లీ ఈ ఊసెత్తకూడదు."

అంటే ఇది తప్పితే నాకు వాకిలీ లేదు, వీరవేణీ లేదు. ఇంటికి వచ్చి, నాలుగు గోడల మధ్యా మేనత్తతో, పెదనాన్నతో, వాళ్ల మనవలతో కలిసి ఒంటరిగా కూర్చున్నాను.

నమోదు 215. చీకటి పక్క, చివర.

బేబమ్మ గారు పని మొదలెట్టారు. ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పడం నా పని.

"గుమస్తా గారూ, దవడలు రెండూ ఆడాలాండీ, ఒకటేనా?"

అద్దంలో చూసుకుని నోరు తెరిచి మూశాను. "కిందదొక్కటే."

"పళ్లు?"

"నిఘంటువులో లేవు."

"నాలిక?"

"ప్రస్తుతానికి వద్దు."

"బాగానే ఉందండీ గానీ, ఇది ఎప్పుడు తెరుచుకోవాలండీ?"

నేను ఆ సంగతి ఆలోచించలేదు. ఆలోచించలేదని మేస్త్రి ముందు ఒప్పుకోవడం ఇష్టంలేక, "బియ్యం వేసినప్పుడు" అన్నాను. సాక్ష్యం ఉంది కదా. ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా కింది పెదవి మీద తూకం చూసే పొర బిగించారు. అక్కడ గుప్పెడు బియ్యం వేస్తే నోరు తెరుచుకుంటుంది, మనిషి లోపలికి వెళ్లాక మూసుకుంటుంది.

పని ముగిసేసరికి మా ఇంటి ముందు గోడకు గుండ్రటి నోరు వచ్చింది. పసుపు రాసిన పెదవి, పైన ఆకుపచ్చ కాగితాల మీసం. పక్కింటి పిల్లలు చూసి ఏడుపు లంకించుకున్నారు. నాకు మాత్రం గర్వంతో ఒళ్లు పులకరించింది.

వీరవేణికి తీగ మీద కబురు పంపాను. "ఇంటికి నోరు సిద్ధం. రేపు చూడవచ్చు."

ఒక్క మాట తిరిగి వచ్చింది. "ఏంటీ?"

నమోదు 216. వెలుగు పక్క.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ప్రారంభోత్సవానికి గవర్రాజు బాబాయే ముందుకొచ్చాడు. నోరంటే భయమే గానీ, తను లేకుండా ఎవరైనా మా ఇంట్లోకి వెళ్లడం ఆయనకు ఇంకా భయం. పెదవి మీద గుప్పెడు బియ్యం వేశాడు. నోరు ఆవులించినట్టు తెరుచుకుంది. జనం చప్పట్లు కొట్టారు. బాబాయి తలా, భుజాలూ లోపలికి వెళ్లాయి. పొట్ట దగ్గర ఆలస్యమైంది. భుజాలు దాటగానే మనిషి వెళ్లిపోయాడనుకుని ఇల్లు నోరు మూసేసింది.

"ఓరినాయనో! నమిలేత్తందిరా!"

మెత్తటి పొర కాబట్టి దెబ్బేమీ తగల్లేదు. కానీ మనిషి సగం లోపల, సగం బయట. నోరు తెరవాలంటే పెదవి మీద బియ్యం వెయ్యాలి. పెదవి మీద బాబాయి పొట్ట ఉంది. పొట్ట మీద బియ్యం పోసి చూశాం, జారి నేల మీద పడ్డాయి. లోపలి నుంచి లాగుదామంటే గోడలు ఎవరికీ దారివ్వడం లేదు, గాలి పోనిదే సైరన్ మోగించడానికీ లేదు. వెళ్లాల్సిన దారిలోనేమో బాబాయే ఉన్నాడు.

కబురు లంకంతా పాకింది. అందరూ వచ్చారు. ఎప్పట్లా నాలుగు వైపుల నుంచీ గోడల్లో దూరబోయారు. గోడలు మొండికేశాయి. ఇక చేసేదిలేక అందరూ బాబాయి కాళ్లున్న వైపే చేరారు. ఏడో లంకలో ఇంతమంది ఒక ఇంటి బయట నిలబడటం నేను పుట్టాక చూడలేదు. కాసేపటికి ఎవరో చాప తెచ్చారు. ఎవరో కాఫీ తెచ్చారు. మా మేనత్త పక్కన కూర్చున్న ఒకాయన్ని పట్టి పట్టి చూసి, "రోజూ మా పడగ్గదిలోంచి పోతావు కదా నాయనా, ఇంతకీ నీ పేరేంటి?" అని అడిగింది. ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు.

నేను మాత్రం వంతెన వైపే చూస్తూ నిలబడ్డాను. నా వాకిలి ఇలా తగలడింది, ఇక వీరవేణి రాదు అనుకున్నాను. 

వీరవేణి వచ్చింది. వంతెన మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. బాబాయి కాళ్లు చూసింది, మీసం చూసింది, నన్ను చూసింది. చాప మీద కూలబడి కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పెళ్లయ్యాక అలా నవ్వడం నేను చూడలేదు. చూద్దామంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండేవారు.

"ఏవండీ, ఏంటిది?"

"వాకిలి. అంటే ఇంటి నోరు. నిఘంటువులో ఉంది."

"నోరయితే? నోరున్నది తినడానికేనేంటండీ? మాటాడ్డానిక్కాదా? బయటోళ్లు పిలిచేవోరు, లోపలోళ్లు పలికేవోరు. అంతే కదండీ!"

నేను నోరు తెరిచి, మూశాను. కింది దవడ ఒక్కటే ఆడింది.

తాతబ్బాయి గారు ముందుకొచ్చారు. "సరే, జరిగింది చాలు. ఇబ్బందయితే పీకేత్తానన్నాను. అయింది. బేబమ్మా, మొత్తం తీసేసి గోడలు ఎప్పట్లా చేసెయ్."

"ఉండండి సర్పంచి గారూ" అంది వీరవేణి, లేచి చీర దులుపుకుంటూ. "ఇబ్బంది ఎవరికయిందో ఆయన్నడగండి ముందు. మావయ్యగారూ, మీకేమన్నా ఇబ్బందిగా ఉందాండీ?"

  బాబాయి కాళ్లు తట్టాను.

"ఉండండ్రా" అని లోపలి నుంచి బాబాయి గొంతు మెల్లగా వచ్చింది. "ఇక్కడ ఎంత నిమ్మళంగా ఉందో తెలుసా. ఎవరూ రాటం లేదు. గోడ వంక చూత్తా ఉన్నాను, అది గోడలాగే ఉంది. అమ్మాయ్, నా బతుకులో ఇంతసేపు ఒక్కణ్ణీ ఎప్పుడూ లేనే. ఇబ్బందేం లేదు గానీ, కాత్త సేపు ఇలా వదిలెయ్యండి."

 మా మేనత్త కాఫీ గ్లాసు కింద పెట్టేసింది. తాతబ్బాయి గారు అటు తిరిగి మబ్బుల్ని చూశారు. ఆయనింట్లో ఎప్పుడూ పదిహేనుమందికి తక్కువ ఉండరు.

"ఇబ్బంది లేదంటన్నాడుగా" అన్నారు చివరికి. "అయితే ఉంచండి. కానీ ఆ దవడ మాత్రం తీసెయ్యండి. చూట్టానికి బాగాలేదు."

బాబాయి చాలనేదాకా ఆగి, బేబమ్మ గారు నూనె రాసి ఆయన్ని బయటకు లాగారు. తర్వాత దవడ కోసేశారు. గోడకు మనిషి పట్టే కంత మిగిలింది. సరుకుల గిడ్డంగి నుంచి పెద్ద పెట్టె మూతొకటి తెప్పించి, కంతకు ఒక పక్కన బందులతో బిగించారు. తోస్తే లోపలికి పోతోంది, లాగితే వస్తోంది.

"పక్షి రెక్కలా ఆడతందండీ" అన్నారావిడ, తన పని తనే మెచ్చుకుంటూ.

నిఘంటువు రాసినవాడికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

నమోదు 217. వెలుగు పక్క, చివర.

ఇది మా ఇంటి బయట కూర్చుని రాస్తున్నాను.

వీరవేణి ఉంటానని అనలేదు, వెళ్తానని అనలేదు. సామాను ఇంకా మంగతాయారు దగ్గరే ఉంది. వంతెన తీసే వేళ దగ్గర పడుతోంది. "ముందు ఇది పని చేత్తదో లేదో చూత్తాను" అని లోపలికి వెళ్లి మూత మూసుకుంది. లోపలి నుంచి ఏదో అడ్డం పెట్టిన చప్పుడైంది.

జనం ఎవరూ ఇళ్లకు పోలేదు. చాపల మీద అలాగే ఉన్నారు. నేను అలవాటు కొద్దీ గోడకు చెయ్యి ఆనించాను. పొర కదల్లేదు. నా ఇంటి గోడ నన్ను కాదనడం అదే మొదలు. మూత దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. నిలబడ్డాక ఏం చెయ్యాలో ఏ నిఘంటువులోనూ చదివిన గుర్తు రాలేదు. వేళ్లు ముడిచి మెల్లగా కొట్టాను.

"ఎవరూ?" అంది లోపలి నుంచి.

ఆ మాటకు వెనకాల జనమంతా ఉలిక్కిపడ్డారు. ఈ లంకలో ఎవరినీ ఎవరూ అలా అడగరు. గోడలకు తెలుసు కాబట్టి మనుషులు అడగాల్సిన పని ఎప్పుడూ పడలేదు. 

"నేనే."

"నేనంటే ఎవరండీ?"

"పేరు చెప్పరా" అన్నాడు బాబాయి వెనక నుంచి, రహస్యంగా, అందరికీ వినపడేలా.

"భీమశంకరాన్ని. నీ మొగుణ్ణి. లోపలికి రావచ్చా?"

నా ఇంట్లోకి నేను రావచ్చా అని అడగడం సిగ్గుగా ఉంటుందనుకున్నాను. లేదు. అడిగాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, అంతే. పెళ్లిచూపుల్లో కూడా నాకంత బెదురు పుట్టలేదు. అప్పుడు వీరవేణి వాళ్లింట్లోకి మా పెదనాన్న గోడలోంచి ముందే వెళ్లి అన్నీ ఖాయం చేసుకొచ్చాడు.

 "ఆలోచించుకుంటన్నాను. కూకోండి" అంది వీరవేణి.

కూర్చున్నాను. మా మేనత్త నాకు చాప మీద చోటిచ్చి, కాఫీ పోసింది. కింద మబ్బులు పసుపు నుంచి నారింజకు తిరుగుతున్నాయి. ఎవరో పాత పాటొకటి ఎత్తుకున్నారు, మధ్యలో మర్చిపోయారు. తలుపు వంక ఒకసారీ వంతెన వంక ఒకసారీ చూస్తూ కూర్చున్నాను. తలుపు అనే రాస్తున్నాను ఇప్పుడు, మూత అనడానికి నోరు రావడం లేదు.

వంతెన బూర మోగింది. ఒకసారి, రెండోసారి. అటు పోవాల్సినవాళ్లు పరుగెత్తారు. లోపల అడుగుల చప్పుడైంది. తలుపు దాకా వచ్చి ఆగింది.  అడుగులు మళ్లీ వెనక్కి వెళ్లాయి. పొయ్యి మీద ఏదో గిన్నె పెట్టిన మోత వినిపించింది.

మూడో బూర మోగింది. తాళ్లు జారాయి. నాలుగో లంక నెమ్మదిగా పక్కకు ఒరిగి, దక్షిణపు మబ్బుల్లోకి వెళ్లిపోయింది.

తలుపు ఇంకా తెరుచుకోలేదు.

"అదేంట్రా, ఎంతసేపని ఇలా బయట కూకుంటావు?" అన్నాడు బాబాయి, నా మీద జాలితో. "ఇంకోసారి కొట్టు."

"వద్దులే బాబాయ్" అన్నాను. "లోపలే ఉందిగా."